ముల్లు దిగని టైరు

కామారెడ్డి,
1938 నవంబరు 9

మామ అబ్రాహాముగారికి మేనకోడలు సుగుణ నమస్కరించి వ్రాయునది. ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, సంఘపెద్దలందరికీ వినబడేటట్టు ఈ జాబు చదవగలరు.

నా మీద మోపిన నేరం ఇది. కోతల పండుగకు వస్తూ ఉండగా, ఎల్లారెడ్డి పొలిమేరలో సంఘం సైకిలు వెనక టైరుకు తుమ్మముల్లు దిగింది. ఆ ముల్లు, ఆడపిల్ల సైకిలు ఎక్కరాదని దేవుడు పంపిన సూచన. ఆ సూచనను లక్ష్యపెట్టక నేను మరునాడే పంక్చరు వేయించుకొని, అదే సైకిలు మీద కామారెడ్డికి తిరిగి వచ్చాను.

ఇందులో మొదటి మాట నిజం. మూడవ మాటా నిజం. నడిమి మాట మీదనే నా వాదం.

దేవుడు తన చిత్తాన్ని టైరు ద్వారా తెలియజేస్తాడని ఏ వాక్యంలో ఉన్నదో పెద్దలు చూపాలి. చూపలేకపోయినా ఫరవాలేదు, వాదం కోసం సూచనే అనుకుందాం. అయితే ఏసయ్య తాత ఎద్దు డెక్కలో నిరుడు దిగిన ముల్లు దేనికి సూచన? ఆయన దున్నడం మానలేదు. యాకూబు బాపు అరికాలిలో ఏటా ముల్లు దిగుతుందని ఆయనే చెప్పుకుంటాడు. ఆయన నడవడమూ మానలేదు. మగవాని కాలిలో ఉన్నంతసేపూ ముల్లుగానే ఉన్నది, ఆడదాని చక్రంలో దిగగానే వాక్యం ఎట్లా అవుతుంది? హైదరాబాదు కాలేజీలో వాదపోటీలకు నిలబడిన కాలంలో నేను చాలా డొల్ల వాదాలు విన్నాను. ఇంత డొల్ల వాదం వినడానికి సొంత సంఘానికే రావలసి వచ్చింది.

అసలు సంగతి మరుగున పడకూడదు. నర్సు దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ ఈ సైకిలును సంఘానికి విడిచింది. తాడ్వాయిలో కూలికి పోయే ఆడవాళ్ళకు చదువు చెప్పమని సంఘమే దాన్ని నాకు ఇచ్చింది. వాళ్ళకు తీరిక పొద్దు పొడవకముందే. బస్సు తాడ్వాయి చేరేసరికి వాళ్ళు నడుము వంచి పనిలో ఉంటారు. సైకిలు పోతే ఆ బడి పోతుంది. భూమక్కకు తన పేరులో మొదటి అక్షరం వ్రాయడానికి వానకాలమంతా పట్టింది. ఇప్పుడు రెండవ అక్షరం మీద ఉన్నది. ఆమెను అక్కడే ఆపివేసే అధికారాన్ని ఒక తుమ్మముల్లుకు ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

కాబట్టి విచారించవలసింది నా నడవడిని కాదు, టైరును. వచ్చేది చలికాలం. తెల్లవారుజామున మంచులో బాట మీద ఏమున్నదీ కనబడదు. పల్లేరుకాయలు ఎండి గట్టిపడేదీ ఈ రోజుల్లోనే. ఇప్పుడున్న టైరు అరిగి, చలికి బిగుసుకొని, సన్నని పగుళ్ళు వేసింది. ముల్లు ఆ పగుళ్ళనే వెతుక్కుంటుంది. నేల తగిలేచోట రబ్బరు దళసరిగా ఉండి, దాని కింద నూలు పొరలు ఎక్కువగా ఉన్న టైరు సికింద్రాబాదులో దొరుకుతుంది. పలుచని టైరు పరుగెత్తేటప్పుడు తేలిక, ముల్లుకు లొంగేటప్పుడు మరీ తేలిక. దళసరి టైరు బరువు నేను తొక్కుకుంటాను. పాత టైరును పట్టీగా కోసి ట్యూబుకూ టైరుకూ నడుమ పరిస్తే ఇంకా మంచిది. గాలి ఎప్పుడూ గట్టిగా ఉండాలి. రెండు చక్రాలకూ ఒకే రకం టైరు కావాలి. ఇదీ నా మనవి.

మీ మేనకోడలు,
సుగుణ


ఎల్లారెడ్డి,
నవంబరు 21

బిడ్డ సుగుణకు మామ అబ్రాహాము దీవించి రాసేది. ఇక్కడ మేమందరం మంచిగున్నం. చలి మొదలైంది.

నీ జాబు సంఘం ముంగట చదివిన. ‘డొల్ల’ అన్న కాడ దగ్గు వచ్చినట్టు చేసి దాటేసిన. అయినా ఏసయ్య తాతకు వినపడ్డది.

“పిల్ల మనల్ని డొల్ల అన్నదా?”

“వాదాన్ని అన్నది తాత, మనల్ని కాదు.”

“వాదం ఎవరిది?”

“మనదే.”

“గట్లయితె మనల్నే.”

తర్వాత చాలాసేపు నీ నోరు గురించి నడిచింది, అది రాయను. మీ అత్త సాలవ్వ ఎనకనుంచి, “తొక్కేది పిల్ల, రొప్పేది పిల్ల, నడుమ మీకేం గుచ్చుకుంటున్నది?” అన్నది. ఆడోళ్ళ మాట సంఘం పుస్తకంల ఎక్కదు గనుక ఎక్కియ్యలె. నీకు మాత్రం రాస్తున్న.

ఆఖరుకు యాకూబన్న లేచిండు. “గాలి ఉన్నదాంట్లకెల్లే గాలి పోతది. గాలే లేనిది తెస్తె ఏం పోతది?” అన్నడు. గంత పెద్ద మాట మన సంఘంల ఈ మధ్య ఎవరూ అనలె.

తీర్మానం ఇది. సైకిలు క్రిస్మస్ దాకా నీ తాననే ఉంటది. అప్పటిదాకా పంక్చరు కాకపోతె దేవునికి ఇష్టమే అనుకొని తాడ్వాయి బడికి సైకిలు ఇచ్చేస్తరు. ఒక్కసారి పంక్చరు అయినా సైకిలు తెచ్చి ఇక్కడ పెట్టాలె, బడి బందు. అయితె టైరు నువ్వు ఎంచుడు లేదు, సంఘమే ఎంచుతది. మన రెండు వాడలు పంచుకుంటె ముంగటి చక్రం పైవాడోళ్ళకు, ఎనకటి చక్రం కిందివాడోళ్ళకు వచ్చింది. నేను అడ్డం చెప్పలె. చెప్పి ఉంటె సైకిలును నిలువునా కోసి పంచుతుండిరి.

మామ,
అబ్రాహాము


కామారెడ్డి,
నవంబరు 25

మామగారికి,

జంపఖానా కొన్ననాడు దాన్ని నడిమికి కోసి రెండు వాడలకు పంచిన సంఘం మనది. దీపం పైవాడలోనూ దాని గాజుచిమ్నీ కిందివాడలోనూ ఉండడం వల్ల, రెండు వాడల నడుమ మాటలు లేని రోజుల్లో చీకట్లో ప్రార్థన చేసిన సంఘం మనది. ఇవన్నీ నేను సహించాను. జంపఖానా సగమైనా దాని మీద కూర్చోవచ్చు. చీకట్లో చేసిన ప్రార్థనా ప్రార్థనే. సైకిలు అట్లా కాదు. రెండు చక్రాలూ ఒకే మనిషిని ఒకే చోటికి తీసుకుపోవాలి. కుడికాలి చెప్పు ఒక ఊరిలోనూ ఎడమకాలి చెప్పు మరొక ఊరిలోనూ, ఒకరికొకరు చెప్పుకోకుండా కుట్టించినట్టున్నది మీ తీర్మానం.

ఇక యాకూబు బాపు సిద్ధాంతం. గాలి లేకపోతే గాలి పోదు. నిజమే. ప్రాణం లేకపోతే చావూ రాదు. అంతమాత్రాన పుట్టకుండా ఉండమని ఎవరికీ బోధించము. గాలి ఉన్నది పోవడానికి కాదు, మనిషిని మోయడానికి. దయచేసి ఈ వాక్యం దగ్గర దగ్గకండి.

షరతుకు ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోక గత్యంతరం లేదు గనుక ఒప్పుకుంటున్నానని కూడా పుస్తకంలో ఎక్కించండి.

సుగుణ


ఎల్లారెడ్డి,
నవంబరు 30

బిడ్డ సుగుణకు,

పాత రిమ్ములు తెచ్చి వాటికే కట్టించిన రెండు చక్రాలు బస్సు మీద పంపిన. జాగ్రత్తగా దించుకో, బరువున్నయి. డ్రైవరు ఎనకటి చక్రాన్ని ఎత్తి చూసి, “ఇది చక్రమా, ధాన్యం బస్తానా?” అన్నడు. “రెండూ” అన్న.

ముంగటిది పైవాడోళ్ళు ఎంచింది. పాత టాంగా చక్రానికి ఉండే గట్టి రబ్బరు, లోపల గాలి జాగ లేదు. ఇనుపతీగెతోని రిమ్ముకు బిగించిండ్రు. ఏసయ్య తాత దాని మీద గొడ్డలి మడమతోని కొట్టి చూసిండు. గొడ్డలి ఎగిరి ఆయన మోకాలికి తగిలింది. “మంచి సరుకు” అని ఆడనే కూసున్నడు.

ఎనకటిది కిందివాడోళ్ళది. ట్యూబు తీసేసి, టైరు నిండ ఉలవలు దట్టించి, తోలుతాడుతోని రిమ్ముకు కుట్టిండ్రు. జొన్నలా, ఉలవలా అని ఒక పూటంత తర్జనభర్జన అయింది. జొన్నలు నలిగి పిండి అయితయి, ఉలవలు రాయి తీరు ఉంటయి, అని యాకూబన్న ఉలవలకు నిలబడ్డడు. ఇంటింటికి గిన్నెడు పోసిండ్రు బిడ్డ, తమాష అనుకోకు. ఈ ఏడు ఎవరింట్ల ఎక్కువున్నయి గనుక. నీ మీద కోపమున్నోళ్ళు సుత పోసిండ్రు.

యాకూబన్న ఒక్క మాట చెప్పమన్నడు. నీళ్ళల్లకు తీసుకపోవద్దు.

అబ్రాహాము


కామారెడ్డి,
డిసెంబరు 12

మామగారికి, వారి ద్వారా రెండు వాడల పెద్దలకు,

సంఘం ఎంచిన టైర్ల మీద నేను సాగించిన ప్రయాణాల నివేదిక ఇది. కోపం రాకుండా వ్రాయాలని రెండు కాగితాలు చించాను. ఇది మూడవది.

ముందు చక్రం గురించి. దానికి ముల్లు దిగలేదు. దిగదు. దాని మీదికి ఎక్కిన ముల్లే విరిగింది. అయితే బాటలోని ప్రతి రాయినీ అది నా దవడకు విడివిడిగా పరిచయం చేసింది. తాడ్వాయి చేరి పాఠం మొదలుపెడితే నా నోట మాట వణికింది. చలికి వణుకుతున్నాననుకొని భూమక్క తన గొంగడి తెచ్చి కప్పింది.

వెనక చక్రం గురించి. మొదటి రోజుల్లో అది తిరిగినప్పుడల్లా వాన పడుతున్న చప్పుడు చేసింది. దారిన పోయేవాళ్ళు తల ఎత్తి ఆకాశం చూశారు. దానికీ ముల్లు దిగలేదు. న్యాయంగా ఒప్పుకోవలసిన మాట గనుక ఒప్పుకుంటున్నాను.

నీళ్ళల్లోకి తీసుకుపోవద్దన్నారు. తాడ్వాయికి ఇవతల వాగు ఉన్నది. వాగు లేని తాడ్వాయి మరొకటి నాకు తెలియదు. సైకిలును భుజాన వేసుకొని దాటుదామంటే వెనక చక్రంలో కిందివాడ పంటంతా ఉన్నది. తోసుకుంటూనే దాటాను. నీళ్ళకు మంచు తోడైంది. ఉలవలు ఉబ్బాయి. టైరు బండరాయిలా బిగిసింది. అప్పుడు రెండు రోజులు సైకిలు చక్కగా నడిచింది. ఆ రెండు రోజులూ యాకూబు బాపు మహామేధావి అని నేను నిజంగా నమ్మాను.

ఆ తరువాత టైరుకూ రిమ్ముకూ నడుమ నుండి మొలకలు వచ్చాయి.

భూమక్క చక్రం ముందు గొంతుకూర్చొని చాలాసేపు చూసింది.

“టీచరమ్మా, నీ బండి మొలిచింది.”

“నవ్వకు భూమక్కా.”

“నవ్వుతలేను. కలుపు ఎప్పుడు తీయమంటవో చెప్పు, వస్త.”

తిరుగుదారిలో మేతకు పోతున్న ఎడ్ల మంద ఎదురైంది. నేను దాటిపోయాను. మంద దాటిపోలేదు, వెనుదిరిగింది. ఇంత బరువు చక్రంతో ఎద్దును మించి పరుగెత్తడం ఎవరివల్లా కాదు. గంటలు మోగించుకుంటూ ఎడ్లన్నీ నా వెంట పడ్డాయి. వాటి వెంట వాటి ఆసామి పడ్డాడు.

“ఓ అమ్మా, నా ఎడ్లను ఏం మందు పెట్టి తీస్కపోతున్నవు?”

“నేను తీసుకుపోవడం లేదు. అవే వస్తున్నాయి.”

“ఆగితె అవీ ఆగుతయి గదా.”

ఆగాను. అది నా తప్పు. ఒక తెల్లకొమ్ముల ఎద్దు వెనక చక్రాన్ని ముట్టె ఆనించి వాసన చూసింది, నన్ను చూసింది, తరువాత టైరును కొరికింది. మిగిలినవి కూడా వచ్చి నిలబడ్డాయి. నేను సైకిలును ముందుకు లాగాను, ఎడ్లు వెనక్కు లాగాయి. కిందివాడ ఇంటింటా పోసిన ఉలవలు బాట మీద కుప్పయ్యాయి. ఆ ఆసామి తలపాగా విప్పి మొహం తుడుచుకొని, “మంచి ఉలవలు, ఏ ఊరివి?” అని అడిగాడు. ఎల్లారెడ్డివని గర్వంగానే చెప్పాను.

ఇప్పుడు ఏమి చేశానో కూడా తెలియజేస్తున్నాను. వాదపోటీలో నాకు వచ్చిన వెండి కప్పును పెట్టెలో నుండి తీసి, సికింద్రాబాదుకు పోయే ఒకరి చేత పంపి, దానికి బదులు నేను మొదట అడిగిన టైర్లే రెండు తెప్పించాను. దళసరి రబ్బరు, లోపల నూలు పొరలు. పాత టైరు పట్టీ కూడా పరిపించాను. బడి ఒక్క పూట మాత్రమే ఆగింది. ఇంతవరకూ పంక్చరు కాలేదు. షరతు ఇంకా నిలిచి ఉన్నదనే నా వాదం.

సుగుణ


ఎల్లారెడ్డి,
డిసెంబరు 19

బిడ్డ సుగుణకు,

నీ జాబు చదువుతుంటె సంఘం ఎంత నవ్విందంటె, ప్రార్థన మొదలు పెట్టబోయి మళ్ళ ఆపిన. నవ్వినంక తగాదా మొదలైంది. ఎద్దు కొరికితె పంక్చరు అయినట్టా, కానట్టా?

ఏసయ్య తాత, “ముల్లయితేంది, పన్నయితేంది, బొక్క బొక్కనే” అన్నడు.

యాకూబన్న లేచి, “మా వాడ టైరుకు ముల్లు దిగలె. ఎద్దు మెచ్చి తిన్నది. మీ వాడ టైరును తినమను చూద్దాం” అన్నడు.

“మా టైరును ఎద్దు ముట్టదు.”

“అదే అంటున్న. ఎద్దు సుత ముట్టదు.”

గిట్ల పొద్దు పోయింది. తెగలేదు. మళ్ళ కూసుందామంటె ఇప్పుడు మనుషులు దొరుకుతలేరు. జొన్నచేన్లకు కంచె పెట్టే రోజులు గదా. అందరూ తుమ్మ నరికి, కంప మోపులు కట్టి, బండి ఎనక తాడు కట్టి రోడ్డు మీదికెల్లి ఈడ్సుకపోతున్నరు. బండ్లెకు ఎత్తితె చేతులు చీరుకపోతయి, ఈడిస్తె సులువు. ఏటా కోతల పండుగ కాడికెల్లి నడిచేదే. నాకు సుత కుడిచేతి బొటనవేలుకు ముల్లు దిగి వాచింది. అక్షరాలు వంకర పోతున్నయి, సమజ్ చేసుకొని చదువు.

బాన్సువాడ పాస్టరు అయ్యగారు మొన్న లింగంపేట దిక్కుకెల్లి సైకిలు మీద వచ్చిండ్రు. ఊరి మొదట్లనే గాలి పోయి రెండు టైర్లు కూసున్నయి. పాపం తోసుకుంట చెమటలు కక్కుకుంట వచ్చిండ్రు. అలిసిపోయిండ్రని కోడిని కోసినం.

ఆయనే తగాదా తెంపిండ్రు. ఎద్దు సంగతి ఇడిసిపెట్టమన్నరు. క్రిస్మస్ పొద్దున నువ్వు కొత్త టైర్ల మీద రావాలె. ఆరాధన ముగిసేలోపల రెండు టైర్లల్ల గాలితోని గుడి వాకిట్లకు వస్తె సైకిలు తాడ్వాయి బడిది. గాలి పోయి తోసుకుంట వస్తె సైకిలు ఇక్కడ పెట్టి బస్సెక్కుడే. ఇగ ఎవ్వరూ మాట్లాడేది లేదు. నువ్వు సుత.

నీకు చెప్పవలసింది ఏమన్న ఉంటె రాసి పంపు. పాట కంటె ముందు చదువుత.

మామ,
అబ్రాహాము


లింగంపేట,
డిసెంబరు 24

క్రిస్మస్ ఆరాధనకు కూడిన సంఘానికి, మామ అబ్రాహాముగారి ద్వారా.

ఈ రాత్రికి లింగంపేటలో ఆగి, సాయంత్రపు బస్సు మీద ఈ జాబు ముందుగా పంపుతున్నాను. మీరు దీన్ని వింటున్న వేళకు నేను సైకిలు మీద ఎల్లారెడ్డి పొలిమేరకు దగ్గర పడి ఉంటాను. కాబట్టి మామగారు ఎక్కడా దగ్గకుండా చదవాలి.

ఎద్దు విషయం వదిలేశారు, నేనూ వదిలేస్తున్నాను. వదలవలసినది మరొకటి ఉన్నది. అయ్యగారి టైర్లు రెండూ కూర్చుంటే అది అలసట. నా టైరు ఒక్కటి కూర్చుంటే అది దైవసూచన. అలసటకు కోడిని కోశారు, సూచనకు బడిని కోయబోతున్నారు. అయ్యగారంటే నాకు గౌరవమే. ఆయన కోడిని ఆయన తినవలసిందే. రెండు సైకిళ్ళకూ దిగిన ముల్లు ఒకటే అయినప్పుడు తీర్పులు రెండు ఎందుకున్నాయని మాత్రమే అడుగుతున్నాను.

ఆ ముల్లు ఎక్కడిదో మీకు తెలియదా? నాకు మొన్నటి జాబు వచ్చేదాకా నిజంగా తెలియదు. పల్లేరుకాయలను అనుమానించాను, చలిని అనుమానించాను, పగిలిన రబ్బరును అనుమానించాను. అయ్యగారి టైర్లు ఊరి మొదట్లోనే కూర్చున్నాయి. నాకు ముల్లు దిగినదీ అక్కడే. మీరు తుమ్మ నరుకుతున్నారు, బండి వెనక కట్టి ఆ రోడ్డు మీదనే ఈడుస్తున్నారు. ఈడ్చిన ప్రతి మోపూ బాట పొడుగునా ముళ్ళు రాలుస్తున్నది. తరువాత వచ్చి ఇక్కడ కూర్చొని, ముల్లు దిగితే దేవుడు వద్దన్నాడని తీర్మానిస్తున్నారు. దేవునికి ఈ పనితో సంబంధం లేదు. ఆయన తుమ్మచెట్టును చేశాడు. దాన్ని రోడ్డు మీద ఈడ్చింది మీరు. మీ చేతి పనిని ఆయన పేరు మీద వ్రాయకండి.

ఏ టైరు కొనాలని ఇన్ని వారాలు వాదించుకున్నాము. నేనూ వాదించాను. టాంగా రబ్బరు తెచ్చారు, ఉలవలు పోశారు, నేను వెండి కప్పు పోగొట్టుకున్నాను. బాట ఊడుద్దామని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నేను ఎంచిన టైరు మంచిదే. ముల్లు అడ్డంగా పడి ఉంటే అణచుకొని పోతుంది. కొత్తగా నరికిన తుమ్మ, ముళ్ళు నిక్కబొడుచుకొని ఉన్న కొమ్మలు, ఒక ఊరివాళ్ళందరి బండ్లూ రాల్చినవి, పొలిమేర నుండి గుడి దాకా పరుచుకొని ఉంటే, వాటికి ఆగే టైరును ఇంకా ఎవరూ తయారు చేయలేదు. అది మీకు తెలుసు. తెలిసి పెట్టిన పరీక్ష పరీక్ష కాదు.

అయినా నేను దిగి నడవను. చక్రాల్లో గాలి ఉన్నంతవరకూ తొక్కుకుంటూనే వస్తాను. భూమక్క నిన్న తన పేరు పూర్తిగా వ్రాసింది. చివరి అక్షరం దగ్గర ఒత్తు కింద పెట్టడానికి పలకలో చోటు చాలక, నేల మీద వ్రాసింది. ఆమె చెల్లెలు రేపటి నుండి నేర్చుకుంటానన్నది. ఆ రేపు ఉన్నదో లేదో, మీరు ఇప్పుడు, ఈ నిమిషాన ఏమి చేస్తారో దాని మీద ఆధారపడి ఉన్నది.

కాబట్టి ఈ కూటాన్ని అడుగుతున్నాను. ఈ వారం రోడ్డు మీద కంప ఈడ్చినవాళ్ళు చేతులెత్తండి. పక్కవాడు ఎత్తాడా అని చూడకండి. ఎత్తినవాళ్ళు లేచి నిలబడండి. పాట తరువాత పాడవచ్చు, ప్రసంగం తరువాత వినవచ్చు. గుడి వెనక చీపుర్లు ఉన్నాయి, చాలకపోతే ఇండ్లల్లో ఉన్నాయి. వాకిలి నుండి పొలిమేర దాకా బాట ఊడ్చండి. నేను అటు నుండి వస్తున్నాను.

మామా, మీ బొటనవేలికి ముల్లు ఎట్లా దిగిందో మీరు వ్రాయలేదు, నేనూ అడగను. ఈ కాగితం కింద పెట్టండి. చీపురు ఎడమచేత పట్టుకొని, అందరికన్నా ముందు మీరు నడవండి.